కొలత లేని బట్ట

నలభై ఏప్రాన్లు, నలభై టోపీలు.
పరకాల దిక్కు బడులల్ల వంట చేసేటోళ్ళకట.
"కొలతలు?" అన్న.
"ఏప్రానుకు కొలతేంది కాకా,
అందరికీ ఒక్కటే" అన్నడు
కాగితం తెచ్చిన పిలగాడు.

మేరోళ్ళం మేము.
మెడల టేపు లేకుంటే
అంగి లేనట్టే ఉంటది నాకు.
ఆ నలభై మాత్రం టేపు కొయ్యకు తగిలేసి కుట్టిన.
తెల్ల బట్ట, నీలం అంచు,
ఎదురుంగ పెద్ద జేబు.
అందుల ఏం పెట్టుకుంటరో
చెప్పినోడు లేడు, అడిగినోడు లేడు.

మా నాయిన ఇసొంటివి కుట్టలేదని కాదు.
మండిబజార్ల మాంసం కొట్టు యాకూబ్ అలీకి
కొత్తవాడ జంపఖానా తుండ్లు అతికి
మోకాళ్ళ దాకా కుట్టిచ్చేటోడు.
ముందుగాల్నే ముదురెరుపు అద్దించుకునేటోడు యాకూబ్.
"నెత్తురు నాకు అలవాటే భాయ్,
కిలో తూకమేసుకునే అయ్యకే
నోరు చప్పబడుతది" అనేటోడు.

ఇంకో మనిషి వచ్చేటోడు, ఎండకాలం మొదలుల,
తాళ్ళెక్కే భిక్షపతి గౌడు.
పాత లారీ ట్యూబు ముక్క పట్టుకొచ్చి
లోపలి దిక్కు మెత్తటి బట్ట వేసియ్యమని.
అంగి ఇప్పి చూపిస్తే
ఎద నిండ గీతలే,
చెట్టే ఆయన మీదికి ఎక్కి దిగినట్టు.
రబ్బరుల సూది ఇరిగింది రెండుసార్లు.
నాయిన పైసలు తీసుకోలే,
లొట్టెడు కల్లు తీసుకున్నడు.

గా దినాలు పోయినయనుకున్న.

ఏప్రాన్లు ఇచ్చిన నెలకు
ఓదమ్మ వచ్చింది దుకాణానికి.
బట్ట ఇస్త్రీ మడత కూడ చెదరలే.
"ఖరాబైందా అక్కా?"
"తొడిగితే గద ఖరాబయ్యేది.
పెద్దసారు వచ్చిననాడు ఏసుకున్నం,
ఫోటువ దిగినం,
మల్ల బీరువాల పెట్టి తాళమేసిండ్రు.
ఇయ్యాల నేనే అడుక్కొని తెచ్చిన."

కూసోమంటే కూసోలే.
మిషను మీద చెయ్యి పెట్టి
వాళ్ళమ్మ ముచ్చట చెప్పింది.
ఎనుమాముల మార్కెట్ల మిరపకాయ తొడిమెలు తీసేదట.
పాత దోతి చింపి ముక్కుకు, నోటికి చుట్టుకునేదట.
ఆ బట్ట ఎవ్వరిచ్చింది కాదు,
తాత చనిపోతే మిగిలింది.
రాత్రి చేతులు మజ్జిగల నానబెట్టినా
మంట పోకపోయేది.
పక్కల పండుకున్న బిడ్డకు తాకుతయని
రెండు చేతులు తలకాయ మీదికి ఎత్తి
గట్లనే నిద్రపోయేదట.
"ఆ బిడ్డను నేనే" అన్నది ఓదమ్మ,
నవ్విందో, దగ్గిందో.

తర్వాత అసలు మాట తీసింది.
"నా ఎంటిక పిలగాండ్ల బువ్వల పడొద్దని టోపీ ఇచ్చిండ్రు.
మంచిదే, పడొద్దు.
నా చెమట పప్పుల పడొద్దని ఇది ఇచ్చిండ్రు.
అదీ మంచిదే.
మరి గంజి నా మీద పడొద్దంటే
ఏమన్న ఉన్నదా నీ తాన?"

చీర కుచ్చిళ్ళు జెర పైకి లేపింది.
కుడి పాదం మీద
రేషను కార్డంత మచ్చ,
గులాబి రంగుల మెరుస్తున్నది,
అక్కడక్కడ చర్మం ఇంక నిర్ణయించుకోనట్టు.

నలభై ఏండ్లాయె కత్తెర పట్టి.
బట్ట అంటే మానం అనుకున్న,
పెండ్లి అనుకున్న, పండుగ అనుకున్న.
బట్టకు రెండు దిక్కులుంటయని,
తొడిగినోళ్ళ దిక్కు ఒకటుంటదని
మేరోనికి ఎవరో చెప్పాల్నా?

కొయ్యకున్న టేపు తీసిన.
నేల మీద కూసున్న.
వద్దు వద్దని ఎనుకకు జరిగింది ఓదమ్మ,
కాలు ముడుతున్ననని.
"కొలత అక్కా, కొలత" అన్న.

అటుకు మీది మూట దించితే
ఇంకా ఉన్నయి నాయిన దాచిన జంపఖానా తుండ్లు.
రెండు వరుసలు పెట్టి, నడుమ గోనె వేసి,
ఎనుకకు గుంజి కట్టుకునే నాడెలతోని
కాళ్ళ కవచం కుట్టిన.
సక్కదనం లేదు.
ఎద్దు గిట్టల లెక్కున్నయని తనే అన్నది.
తొడుక్కొనే పోయింది, బస్టాండు దాక.

మొన్న బుధవారం నలుగురొచ్చిండ్రు.
చెప్పులు గడప అవతల ఇడిచి
వరుసగ నిలబడ్డరు.
రసీదు బుక్కు ఎనుక రాసుకుంటున్న:
ఓదమ్మ, మడిమె నుంచి పిక్క దాక, పదకొండు.
కనుకలచ్చి, పదిన్నర.
షాహీన్ బీ, పన్నెండు, ఎడమ కాలు కొంచెం వాపు.
ఐలవ్వ చెప్పనియ్యలే, సిగ్గుపడ్డది,
అందాజకు పది.

బిల్లు ఎవరి పేరు మీద రాయాల్నో
ఇంక తెల్వది.